కొత్త ఓనరు గారు

హైదరాబాదులో ఉప్పల్ దాటి ఏ కాలనీలోకి తిరిగినా ఈయన కనిపిస్తారు. బనీను, లుంగీ, మొలలో తాళంచెవుల గుత్తి, చేతిలో టార్చి లైటు. పగలు ఏదో ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మాత్రం మోటారు స్విచ్చికి అధిపతి. నిన్నమొన్నటిదాకా ఈయనా అద్దెకున్నవారే. ఓనరు గోడకి మేకు కొట్టనివ్వలేదని, చుట్టాలొస్తే మొహం మాడ్చుకున్నాడని రోజూ భార్యతో చెప్పుకుని కుమిలిపోయినవారే. గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. ఆ జ్ఞాపకాలన్నీ ఆ పాలతోపాటే ఒలికిపోయాయి.

ఈయన్ని ఇందులోకి దింపింది ఒకే ఒక్క మాట: "అద్దెలే ఈఎంఐ కట్టేస్తాయి." ఈ మాట మొదట ఎవరన్నారో గానీ, అది తోడల్లుళ్ళ ద్వారా వ్యాపిస్తుంది. ఒక తోడల్లుడు మూడంతస్తులు లేపాడంటే రెండోవాడు కూచోలేడు. కూచోనివ్వరు కూడా.

స్థలం 150 గజాలు. అక్కడ రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని రోజుల్లో మామగారి బలవంతం మీద కొన్నది. ఇప్పుడు గజం అరవై వేలు పలుకుతోంది. కింద రెండు పోర్షన్లు, మొదటి అంతస్తులో రెండు, ఆపై అంతస్తు తమకి. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చాక ఇంతటి ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతోంది కాబట్టి ప్లాను చకచకా వచ్చేసింది. ప్లానులో లేనిది పెంట్‌హౌస్. ఆ పేరు విని ఈత కొలనూ అవీ ఊహించుకోకండి. డాబా మీద రేకులేసిన గదిని ఇక్కడ అలా పిలుస్తారు. మే నెలలో అందులో ఉండేవాళ్ళు పగలు ఆఫీసులో, రాత్రి డాబా మీద బతుకుతారు.

కట్టడానికి అరవై లక్షలన్నాడు మేస్త్రీ. డెబ్భై ఎనిమిది అయ్యింది. బ్యాంకు అరవై అయిదు ఇచ్చింది, మిగతాది పీఎఫ్, ఆవిడ గాజులు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పంటే నెలకి సుమారు 56,400. అద్దెలు చూస్తే కింద రెండూ పదకొండు వేల చొప్పున, పైన రెండూ పన్నెండు వేల చొప్పున, రేకుల గది ఆరున్నర. మొత్తం 52,500. "జేబులోంచి నాలుగు వేలు వేసుకుంటే ఇల్లు మనది" అని ఓనరు గారు కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆ కాగితంలో ఏడాదికి పన్నెండు నెలలూ అయిదు పోర్షన్లూ నిండే ఉన్నాయి. మోటారు కాలిపోలేదు, సున్నం రాలలేదు, ఆస్తిపన్ను అసలు లేదు. అలాంటి ఇల్లు కాగితం మీదే ఉంటుంది.

టులెట్ బోర్డు కట్టిన మొదటి వారం ఆయన ఇంటర్వ్యూలు చూసి తీరాలి. సివిల్స్ బోర్డు కూడా అంత లోతుకి వెళ్ళదు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"ఇద్దరమే అంకుల్."

"ఇద్దరే ఉంటారా, ఇద్దరే ఉండిపోతారా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచనలో పడుతుంది. ఈలోగా రెండో ప్రశ్న వచ్చేస్తుంది. సొంతూరేది, ఇంటిపేరేమిటి, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళు మీకేమవుతారు? కులం అడగడం మర్యాద కాదని ఆయనకి తెలుసు. అందుకే అడగకుండా రాబడతారు. మన కాలనీల్లో ఇంతకంటే నైపుణ్యంతో, ఇంతకంటే సిగ్గుమాలినతనంతో జరిగే పని మరొకటి లేదు.

మొదటి నెలలో నిబంధన: శుద్ధ శాకాహారులకే. అయిదో తారీకున ఈఎంఐ కోతపడ్డ మెసేజి వచ్చాక, గుడ్డు ఫరవాలేదు. రెండో నెలలో, "ఆదివారం ఒక్కరోజేగా, కిటికీలు మూసుకుని వండుకోండి." మూడో నెలకి ఫ్యామిలీ అయితే చాలు. నాలుగో నెలలో మార్కెటింగు పని చేసుకునే ముగ్గురు కుర్రాళ్ళు బండి మీద వచ్చి ఆగితే, ఓనరు గారే గేటు తీసి ఎదురెళ్ళారు. "బాచిలర్సంటే ఎవరండీ, మన పిల్లలే కదా" అని ఆవిడకి నచ్చజెప్పారు. ఆయన ఉదారవాదం పెరగడానికి ఏ పుస్తకమూ కారణం కాదు. బ్యాంకే.

ఇక కరెంటు. మీటర్ల దగ్గర ఆదా చేద్దామని అంతస్తుకి ఒకటి మాత్రం తీసుకుని, పోర్షన్లకి సబ్‌మీటర్లు బిగించి, యూనిట్‌కి పది రూపాయలు అన్నారు. కింద పోర్షన్లో దిగిన ఆవిడ రేషన్ కార్డు పట్టుకొచ్చి గృహజ్యోతి గురించి అడిగింది. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న ఈ పథకంలో అర్హులకి నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, అద్దెకున్నవాళ్ళకైనా సరే. కానీ ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుంటే ఎండాకాలంలో 200 ఎక్కడ ఆగుతుంది? చివరికి విడి మీటర్లు పెట్టించారు. ఆదా చేసిందానికి రెండింతలు పోయింది.

మోటారు బిల్లు మాత్రం తలకింతని పంచుతారు. తలలు లెక్కపెట్టాలంటే తలుపు తట్టాలి, అది బాగుండదు. కాబట్టి గుమ్మం బయట చెప్పులు లెక్కపెడతారు. రెండు జతలుండాల్సిన చోట అయిదు కనిపిస్తే, "చుట్టాలొచ్చినట్టున్నారు, సంతోషం" అని కేకేస్తారు. ఆ సంతోషం నెలాఖరు బిల్లులో కనిపిస్తుంది. తెలివైన కిరాయిదార్లు చుట్టాల చెప్పులు లోపల పెట్టుకుంటున్నారు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టరు చెయ్యాలి కాబట్టి దేశమంతా పదకొండు దగ్గరే ఆగుతుంది. మన ఓనరు గారు మాత్రం ఇది తాను కనిపెట్టిన ఉపాయమన్నట్టు గొంతు తగ్గించి చెబుతారు. పన్నుల సంగతీ అంతే. అద్దెలో ఆస్తిపన్ను పోగా 30 శాతం కొట్టేస్తారు, ఆపైన వడ్డీ తగ్గిస్తారు. నష్టం తేలితే జీతంలోంచి తగ్గించుకోవచ్చని ఆయన ఆఫీసంతా ప్రచారం చేశారు. ఆ తగ్గింపు ఏడాదికి రెండు లక్షలకి మించదు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. ఈయన కొత్త విధానంలోకి మారి చాలాకాలమైంది. నష్టం వచ్చిందని ఇంత ఆనందించినవారిని నేను వేరే ఎవరినీ చూళ్ళేదు.

ఆయన్ని నిజంగా గాయపరిచింది మాత్రం పైన పోర్షన్లో ఉన్న సీఏ చదివే కుర్రాడు. ఒక సాయంత్రం మెట్ల మీద కూచుని అమాయకంగా లెక్క చెప్పాడు. "అంకుల్, 150 గజాలు అరవై వేల చొప్పున అమ్మితే తొంభై లక్షలు. పన్నుల మాట పక్కన పెట్టి ఏడు శాతానికి డిపాజిట్ వేస్తే నెలకి 52,500. అప్పు లేదు, మోటారు లేదు." స్థలం తనదే కదా అని దాని ఖరీదు ఆయన ఏనాడూ లెక్కలో వెయ్యలేదు. కాసేపు గాలి పీల్చుకుని, "స్థలం విలువ పెరుగుతుంది బాబూ" అన్నారు. అది నిజమే. ఇల్లు కట్టకపోయినా పెరిగేదని కుర్రాడు అన్నాడు. అదీ నిజమే. ఆ కుర్రాడి అగ్రిమెంటు పదకొండు నెలల తర్వాత రెన్యువల్ కాలేదు.

ఇంత జరిగినా పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఎలా ఉందండీ అద్దెల వ్యవహారం?" అని అడిగితే, "ఏముంది, అద్దెలే ఈఎంఐ కట్టేస్తాయి" అనే అంటారు. పక్కన కూచున్న చిన్న తోడల్లుడు ఆ మాట విని బోడుప్పల్‌లో స్థలం చూస్తున్నాడు.

కుర్రాడు ఖాళీ చేసిన పోర్షన్ ఇంకా ఖాళీగానే ఉంది. ఒక బెడ్‌రూము, అద్దె పన్నెండు వేలు, అడ్వాన్సు రెండు నెలలు. కావలసినవారు నెల మొదటి వారం గడిచాక వెళ్ళండి. అప్పటికి ఈఎంఐ కోతపడి ఉంటుంది, ఆయన ఏమీ అడగరు. లెక్కలొచ్చని మాత్రం చెప్పకండి.