అడాప్టర్ కాక

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా ఆర్మూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి వెంట ఏ ఊళ్లో దిగినా ఒక అడాప్టర్ కాక దొరుకుతాడు. వీసా వచ్చినవాళ్లు ముందు కొండగట్టు అంజన్నకు మొక్కి, తర్వాత ఈయన గుమ్మం తొక్కుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా పాత కరీంనగర్ జిల్లా వలసకు మూడు దారులు కదా, కాక మూడోదాంట్లో పట్టభద్రుడు. అక్కడ చేసింది షట్టరింగ్ పని. ఊళ్లో మాత్రం ఆయనది కరెంటు ఇంజనీరు హోదా.

కాకను తెలుసుకోవాలంటే ముందు ఆయన ఇల్లు చూడాలి. కోరుట్లలో నాకు తెలిసిన కాక ఇల్లు కట్టేటప్పుడు సాకెట్లన్నీ దుబాయి నుంచే మోసుకొచ్చాడు. మూడు పలక పిన్నుల సాకెట్లు. 1947లో బ్రిటిష్ వాళ్లు ఇటు మనల్ని వదిలిపెట్టి, అటు ఆ పలక పిన్నుల ప్లగ్గుకు ప్రమాణం రాసుకున్నారు. వాళ్ల పాత గుండు పిన్నులు మనకు మిగిలాయి, కొత్తవి గల్ఫ్‌కు చేరాయి. అందువల్ల కాక ఇంట్లో మన దేశపు మూడు పిన్నుల ప్లగ్గు ఒక్కటీ దూరదు. మిక్సీకి అడాప్టర్, ఇస్త్రీపెట్టెకు అడాప్టర్, ఫ్రిజ్‌కు అడాప్టర్. చిన్నమ్మ వాకిట్లో చాట ముందేసుకుని తునికాకు కత్తిరిస్తూ, "కరెంటు మనదే బిడ్డా, కన్నాలే దుబాయివి" అంటుంది.

మొన్న సిరిసిల్ల పిల్లగాడొకడు వచ్చాడు. దుబాయిలో స్టోర్‌కీపర్ ఉద్యోగం, చంకలో చిన్న ల్యాప్‌టాప్. కాక దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. చార్జర్ అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, దాని వీపున చీమతలంత అక్షరాలను జాతకం చదివినట్టు చదివాడు.

"ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు. 50, 60 హెర్ట్జ్. దీనికి ఢోకా లేదు. దుబాయి పోతది, అమెరికా పోతది, యాడికన్న పోతది. పిన్ను మారితే సాలు."

ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కాకతో వచ్చిన చిక్కే అది, చెప్పేవన్నీ నిజాలే. డల్లాస్‌లో ఉన్న కూతురికి మిక్సీ పంపుదామని వచ్చిన ఒకావిడకు కూడా ఇలాగే దాని అడుగున రాసింది చూపించి, "ఇది 230దమ్మా, గాడ 120. అల్లం కూడా నలగది" అని తేల్చి చెప్పాడు. ఆవిడ ఇప్పటికీ కాకతో మాట్లాడదు.

తర్వాత ప్రదర్శన. ఆ పలక సాకెట్లో పైకన్నం ఎర్తుది. పొడుగ్గా ఉండే ఎర్తు పిన్ను అందులో దిగితేనే కింది రెండు కన్నాల మూతలు తెరుచుకుంటాయి. కాక టూత్‌బ్రష్ తెప్పించి, దాని తోకను పైకన్నంలో దూర్చి, కింద మన రెండు పిన్నుల ప్లగ్గును గుచ్చి చూపించాడు. "క్యాంపుల అందరు గిట్లనే చేస్తరు. నువ్వు మాత్రం చెయ్యకు, పానం పోతది" అన్నాడు, బ్రష్ ఇంకా గోడలో ఉండగానే. దుబాయిలో సోనాపూర్ లేబర్ క్యాంపులో ఆయన గదికి సాకెట్ ఒక్కటే. ఒకరిపైన ఒకరు పడుకునే ఇనుప మంచాల్లో సాకెట్ పక్క మంచం ఎవరిదో వాడే రాజు. ఆ మంచం తనకు దక్కిన కథ కాక ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతాడు.

పవర్‌బ్యాంకు లెక్క బీడీకట్ట కాయితం మీద వేస్తాడు. ఇరవై వేల ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి, వెయ్యితో భాగిస్తే 74 వాట్‌అవర్లు. విమానంలో 100 దాకా అడ్డు లేదు, కాకపోతే చేతిసంచిలోనే ఉండాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 2017 మార్చిలో దుబాయి, దోహా లాంటి చోట్ల నుంచి వచ్చే విమానాల్లో ల్యాప్‌టాప్ చేతిసంచిలో ఉండకూడదని అమెరికా నిషేధం పెట్టింది. ఆ జులైకల్లా ఎత్తేసింది. కాక ఎత్తేయలేదు.

సిరిసిల్లలోనూ ఒక కాక ఉన్నాడు గానీ ఆయన తరహా వేరు. అక్కడ కరెంటు ఇచ్చేది 'సెస్' అనే సహకార సంఘం. సభ్యుడు కాబట్టి వోల్టుల గురించి వాటాదారు హోదాలో మాట్లాడతాడు. సాంచాల మోతలో పెరిగి, చప్పుడు విని మోటారు రోగం చెప్పగల మనిషి. "కోరుట్లాయనకు పిన్నులు ఎర్క, ఫేజులు ఎర్క లెవ్వు" అని ఆయన తీర్పు.

"ఫోను సంగతి ఇను" అన్నాడు కోరుట్ల కాక పిల్లగాడితో. "గాడ వాట్సాప్ల మెసేజ్ పోతది, ఫొటో పోతది. కాల్ పోదు. బోటిమ్ అని ఉంటది, మీ అవ్వ ఫోన్ల ఇయ్యాల్నే ఎక్కించు. నువ్వు పోయినంక ఆమెకు ఎవలు నేర్పుతరు?"

పిల్లగాడు తలూపి, మెల్లగా చార్జర్ తీగను ఇటుకలాంటి డబ్బా దగ్గర ఊడబీకాడు. మిక్కీ మౌస్ మొహం ఆకారంలో ఉండే ఆ కన్నం చాలా చార్జర్లకు ఒకేలా ఉంటుంది. "కాకా, అడాప్టర్ ఎందుకు? ఈ తీగ ఒక్కటి గాడి ప్లగ్గుది కొంటే అయిపాయె గదా?"

కాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు ఎర్కనే."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటికెవలొస్తరు బిడ్డా!" అంది వాకిట్లోంచి చిన్నమ్మ, తల ఎత్తకుండా.

కాక ఆ మాట వినిపించుకోలేదు. యూరప్ వాళ్లు 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు టైప్-సి ఒక్కటే ఉండాలని చట్టం చేశారని విన్నప్పుడు కూడా ఇంతే, "గోడకున్న కన్నం మారిందా మరి?" అని ఎదురడిగాడు. లేచి అలమార తెరిచి ఒక అడాప్టర్ ఏరి పిల్లగాడి చేతిలో పెట్టాడు. "తీగ దొరికేదాక పనికొస్తది." ఆనక ఖాతాపుస్తకం తీసి పేరు, ఊరు, తారీఖు రాసుకుని, ఎదురుగా 'దుబాయి, 1' అని వేసి, సంతకం పెట్టించుకున్నాడు.

"సెలవుల మీద వచ్చినప్పుడు వాపస్ తేవాలె. పోయిన యేడు మస్కట్ పోయినోడు ఇంక ఇయ్యలే."