రాత్రి సరదాకు పొద్దుటి మాత్ర

1. వార్త సగమే చదవండి. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్‌లలో, కలయిక తర్వాత 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వేసుకున్నవాళ్లకు సుఖవ్యాధులు మూడింట రెండు వంతులు తగ్గాయట. అక్కడితో ఆపేయండి. వాళ్లు మగవాళ్లతో కలిసే మగవాళ్లు, ట్రాన్స్ మహిళలనీ, మూడు నెలలకోసారి పరీక్షలు చేయించుకున్నారనీ కింద రాసుంటుంది. కెన్యా ఆడవాళ్లలో ఫలితం కనబడలేదని కూడా ఉంటుంది. మనకెందుకు?

2. డాక్టరు దగ్గరికి పోవద్దు. "ఎవరితో? ఎప్పుడు?" అని అడుగుతాడు. నాలుగు వీధుల అవతలి మందుల షాపుకు వెళ్లండి. కౌంటరు దగ్గర ఆడవాళ్లుంటే దగ్గు బిళ్లలు కొంటూ కాలక్షేపం చేయండి. వాళ్లు వెళ్లగానే గొంతు తగ్గించి "అన్నా, మా ఫ్రెండ్‌కి..." అనండి. షాపతనికి ఆ ఫ్రెండ్ బాగా తెలుసు. ఊరందరికీ వాడొక్కడే ఫ్రెండ్.

3. స్ట్రిప్ మీది ఎర్ర గీత అందం కోసం అనుకోండి. చీటీ లేకుండా వాడొద్దని దానర్థమంటూ 2016 నుంచి ప్రభుత్వం చెబుతూనే ఉంది. చెప్పనివ్వండి.

4. డాక్సీ లేకపోతే అజిత్రో. అదీ లేకపోతే పంటినొప్పికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ రెండు. అన్నీ యాంటీబయాటిక్‌లే కదా!

5. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకోండి. అన్నవాహికలో పుండు పడే అవకాశం ఇలాగే బాగుంటుంది. మంట పుడితే గ్యాస్ మందు తాగండి, డాక్సీ ఒంటికి పట్టకుండా అదే చూసుకుంటుంది.

6. కండోమ్ ఖర్చు మిగుల్చుకోండి. హెచ్‌ఐవీకి, హెర్పిస్‌కు డాక్సీ అంటే లెక్కలేదు. మీకూ లెక్కలేకపోతే సరికి సరి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఆ మూడు రోజులూ "మాత్ర వేసుకున్నాగా" అంటూ హాయిగా నిద్రపోండి.

7. పుండు లేచినా నొప్పి లేకపోతే పట్టించుకోకండి. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. ఆ ఘనత మీ మాత్రకు రాసుకోండి. రోగం లోపల ఏళ్ల తరబడి అద్దె లేకుండా కాపురం ఉంటుంది.

8. ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్ వైపు చూడకండి. పరీక్షా ఉచితం, మందూ ఉచితం. ఊరికే వచ్చేదానికి విలువేముంది?

9. భార్యకు చెప్పకండి. ఆమె తెల్లబట్ట అవుతోందంటే "వేడి చేసుంటుంది, సబ్జా గింజలు నానబెట్టుకు తాగు" అనండి. గింజలు మీరే కొనుక్కురండి, ప్రేమగా ఉంటుంది.