కోడికి కొరియర్ యోగం లేదు

బెంగళూరు సర్జాపురలో ఎవరికైనా కోడి తినాలనిపిస్తే పావుగంటలో గుమ్మం ముందుంటుంది: చర్మం ఒలిచి, ముక్కలు కొట్టి, మంచు సంచీలో పెట్టి. అదే కోడి ప్రాణంతో కావాలంటే రాదు. ఇంటి వెనక కాస్త పెరడున్న గోదావరి జిల్లాల సాఫ్ట్‌వేర్ అల్లుళ్లను తొలిచేస్తున్న బాధ ఇదే. తణుకు నుంచి మామగారు "నాలుగు వనరాజా కోడిపిల్లల్ని పంపుతాను, అడ్రసు పెట్టండి అల్లుడుగారూ" అంటారు. తీరా చూస్తే పార్సిల్ యాప్ నిషిద్ధాల జాబితాలో పేలుడు పదార్థాల సరసనే జీవాలూ ఉంటాయి.

అమెరికాలో ఈ గొడవ 1918లోనే తేలిపోయింది. ఒక్కరోజు వయసు కోడిపిల్లలు అక్కడ ఇప్పటికీ తపాలాలో ప్రయాణిస్తాయి. గుడ్డు పగిలే ముందు పిల్ల మిగిలిన సొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ సద్దిమూటతో 72 గంటల దాకా మేతా నీళ్లూ లేకుండా నెట్టుకొస్తుంది.

మన 1898 పోస్టాఫీసు చట్టం, తోటి పార్సిళ్లకు గానీ, తపాలా ఉద్యోగికి గానీ హాని చేసే జీవిని పంపకూడదంది. భీమవరం పందెం పుంజును ఎరిగినవారే రాసి ఉండాలి. 2024లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, కోడి తలరాత మారలేదు. అంతర్జాతీయ తపాలా నియమాలు తేనెటీగలకూ, పట్టుపురుగులకూ, ఆఖరికి జలగలకూ చోటిచ్చాయి. జలగకున్న పరపతి కోడిపిల్లకు లేదు!

ఇక మిగిలింది బస్సు. 2022లో గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో బట్ట చుట్టిన పుంజుకు కండక్టరు 30 రూపాయల టికెట్టు కొట్టాడు. 2024 మార్చిలో బెంగళూరు–మైసూరు బస్సులో ఒక అవ్వ, మనవరాలు ఆడవాళ్లకోసం ఉన్న శక్తి పథకం కింద ఉచితంగా కూర్చున్నారు. వాళ్ల పంజరంలోని నాలుగు చిలకలకు మాత్రం తలా 111 చొప్పున 444 రూపాయలు పడ్డాయి. వాటిలో ఆడవెన్నని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆడవైనా ఆధార్ కార్డు చూపాలి కదా! అదే ఏడాది జనవరిలో ఎవరో ఆర్టీసీ బస్సులో పుంజును మరిచిపోతే కరీంనగర్ డిపోవారు దాన్ని బోనులో పెట్టి, వేలం తేదీ ప్రకటించారు. మరిచిపోయిన గొడుగుకైనా ఇంత మర్యాద జరగదు. అంతలో నెల్లూరు జిల్లావాసి ఒకరు అది నాదేనన్నారు, వేలం ఆగింది. సంక్రాంతి ముంగిట పుంజుకు డిపోను మించిన క్షేమమైన చోటు ఇంకెక్కడుంది?

నవ్వు ఇక్కడిదాకానే. 2025లో అమెరికాలోని డెలావేర్‌లో దాదాపు 12,000 పిల్లలున్న తపాలా లారీని మూడు రోజులు అలాగే వదిలేశారు. వేలల్లో చచ్చిపోయాయి. సొన తన గడువు దాకా కాపాడింది, తలుపు తీసే మనిషే వేళకు రాలేదు. తలుపు కొట్టి అడగడం ఆ పిల్లలకు చేతకాదు.

కాబట్టి సర్జాపుర అల్లుళ్లకు ఒక మనవి. మీ బెంగళూరు హెసరఘట్టలోనే కేంద్ర పౌల్ట్రీ సంస్థ ఉంది. పిల్లలు ఎప్పుడు దొరుకుతాయో ముందే కనుక్కుని మీరే వెళ్లండి. మన 2001 జంతు రవాణా నిబంధనలు చెప్పినట్టు పెట్టెను ఎండ తగలకుండా, ఒరగకుండా తీసుకురండి, పైన ఏ బరువూ పెట్టకండి. బస్సయితే, ఎక్కే ముందే కోడికెంతో కండక్టరును అడగండి.