ఖైరతాబాద్ ప్రతి: సటీక, సతాత్పర్యము

అవతారిక: బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12 మీద, సాయంకాలం, ఎర్రదీపం కరుణించక నిలిచిపోయిన రథాలలో ముందున్నదాని వెనక భాగాన ఈ మూలం దర్శనమిచ్చింది.

మూలం: టీజీ 09 – – 9999

(మధ్య భాగం లుప్తం. ఆటో తగిలిన గుర్తు.)

ప్రతిపదార్థం: టీజీ = తెలంగాణ రాష్ట్రమందు; 09 = ఖైరతాబాదు రవాణాధికారి ఏలుబడిలో; 9999 = కూడగా ముప్పదియాఱును, మఱల కూడగా తొమ్మిదియు నగునట్టి, వేలమున పోటీపడి పాడుకొన్న సంఖ్యతో; (కారు) ఒప్పుచున్నది.

పాఠభేదాలు: ప్రాచీన పాఠం 'ఏపీ'. 2014లో రాష్ట్రం వచ్చాక 'టీఎస్'. 2024 మార్చి నుంచి 'టీజీ'. పాత ఏపీ బళ్ళన్నీ టీఎస్ కావాలన్న మాట 2014లో వినబడింది గానీ సాగలేదు. అందుచేత ఒకే ఇంటి గ్యారేజీలో తాతగారి ఏపీ 09, నాన్నగారి టీఎస్ 09, అబ్బాయిగారి టీజీ 09 పక్కపక్కనే ఉండవచ్చు. మూడు పాఠాల్లోనూ 09 ఖైరతాబాదే. 07 సంగతి అలా కాదు: ఏపీ 07 గుంటూరు, టీఎస్ 07 రంగారెడ్డి. అంకె చూసి ఊరు చెప్పే పండితులు ఇక్కడే బోల్తా పడతారు. అటు ఆంధ్రలో 2019లో కొత్త బళ్ళకు జిల్లా అంకెలు తీసేసి, రాష్ట్రమంతటికీ 39 అన్నారు. "మీది బెజవాడా, భీమవరమా?" అని బండి వెనక నుంచే చుట్టరికం కలుపుకునే సరదా దానితో పోయింది. ఈ సంస్కరణ వ్యాఖ్యాతకు సమ్మతం కాదు.

శంక: ఈ వీధిలోనే 'పీవై' అన్న పాఠం కూడా కనబడుతుంది కదా, అది ప్రక్షిప్తమా?

సమాధానం: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. పీవై అంటే పుదుచ్చేరి. కాకినాడకు దగ్గరలోని యానాం కూడా దానిదే. అంతమాత్రాన యజమాని గోదావరి ఒడ్డు వాడని అర్థం చెప్పరాదు. విలాసకార్ల విషయంలో, పన్ను ఎక్కడ తేలిగ్గా తెమిలిందో ఆ ఊరనే అన్వయం కుదురుతుంది. పన్నెండు నెలలు ఏ రోజు మొదలయ్యాయో చెప్పే సాక్షి దొరకడు. సూత్రం అక్కడే వదులు.

తాత్పర్యం: కొండమీద కాపురమున్న ఒకానొక ధనికుడు, వచ్చినవారికి కారు వెల చెప్పుటకు ముందే నంబరు వెల చెప్పుచున్నాడని భావము.

విశేషం: రాష్ట్రభేదమే లేని అద్వైత పాఠం ఒకటి 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దాని పేరు బీహెచ్. మొదట రాష్ట్రం పేరు బదులు రిజిస్ట్రేషన్ ఏడాది ఉంటుంది, పన్ను రెండేళ్ళకోసారి కట్టుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు అర్హులు. ప్రైవేటువారైతే కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లోనైనా ఆఫీసులుండాలి. ఫిలింనగర్ కథానాయకుడి సినిమా పది రాష్ట్రాల్లో విడుదలైనా, ఆ హోదా మీద అతనికి ఈ పాఠం చెల్లదు. నాలుగు చోట్ల ఆఫీసులున్న కంపెనీలో లెక్కలు రాసుకునే గుమస్తాకు చెల్లుతుంది.