టెంటులో కుంపటి

మృగశిర కార్తె వచ్చిందంటే లింగంపల్లిలో రెండు ఖాయం. రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘మాన్సూన్ క్యాంపింగ్’ పోస్టర్ తిరుగుతుంది. మొదటిదాన్ని మున్సిపాలిటీ వాళ్లు మోటారు పెట్టి తోడేస్తారు. రెండోదాన్ని తోడే మోటారు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

పోస్టర్లో పచ్చటి కొండ, నారింజ రంగు టెంటు, దాని గుమ్మం ముందే మంట, మంట మీద చికెన్. కింద ‘వైల్డ్ ఎక్స్‌పీరియన్స్, సేఫ్ కుకింగ్’. వాన పడితే? ‘డోంట్ వర్రీ బ్రో, టెంటు వాటర్‌ప్రూఫ్, లోపలే వండుకోవచ్చు.’ జంతువులొస్తే? ‘అన్నీ మేం చూసుకుంటాం బ్రో.’ ఎవరు, ఏం చూసుకుంటారో అడ్వాన్సు కట్టాక కూడా తెలియదు.

వికారాబాద్ వైపు పోయే బ్యాచ్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. అనంతగిరి చుట్టుపక్కల రిసార్టులకు కంచె ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు, అర్ధరాత్రి అక్కడ గర్జించేది పక్క టెంటు వాళ్ల స్పీకరే. నా గోలంతా శ్రీశైలం రోడ్డు పట్టేవాళ్లతో. మన్ననూర్ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పులి పేరెత్తితే వీళ్లు కారు అద్దాలు ఎక్కించుకుంటారు. ఎలుగుబంటి అంటే మాత్రం నవ్వుతారు. వాళ్లకు తెలిసిన ఎలుగులు రెండే: ఒకటి పాప పక్కలో పడుకునే టెడ్డీ, రెండోది చిన్నప్పటి నీతికథలోది. ఊపిరి బిగబట్టి పడుకుంటే వాసన చూసి వెళ్లిపోయింది కదా అంటారు. వెళ్లిపోయింది నిజమే, కానీ అది ఈసప్ గారి ఎలుగుబంటి. నల్లమలలో ఉన్నది ఆ పాఠం చదువుకోలేదు.

ఇది చెదపుట్టలు తవ్వుకు బతికే జంతువు. పై దవడలో ముందు పళ్లు రెండుండవు, ఆ సందులోంచి చెదల్ని జుర్రుకుంటుంది. పుట్ట పగలగొట్టడానికి పుట్టిన గోళ్లవి, మనిషి మీద పడితే ఎక్కువగా తగిలేది తలకీ మొహానికే. ముక్కు మహా చురుకు, చూపూ వినికిడీ అంతంత మాత్రం. అందుకే అది మనల్ని వేటాడటానికి రాదు, ఎదురుపడి ఉలిక్కిపడుతుంది. పులులున్న అడవిలో పెరిగిన జంతువు కాబట్టి, ఉలిక్కిపడ్డాక పారిపోవడం కంటే మీదపడటమే దానికి అలవాటైందని పరిశోధకులంటారు. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు దీనికి వాన కలపండి. ఆకుల మీద చినుకుల మోతలో మన అడుగుల చప్పుడు దానికి వినపడదు, దాని రొప్పు మనకి వినపడదు. గిన్నె కడగడానికని ఫోన్ లైటు పట్టుకుని పొద చాటుకి వెళ్లిన ఇంజనీరుకీ, పుట్టలో తల దూర్చిన దానికీ మధ్య నాలుగు గజాలుండగా పరిచయమవుతుంది.

ఇక్కడే అమెరికా వెళ్లొచ్చిన అన్న రంగప్రవేశం చేస్తాడు. యోసెమిటీలో మూడు రాత్రులున్నాడట, ఎలుగుల సంగతి తనకి చెప్పేదేముందంటాడు. అక్కడ ఎలా ఉన్నాడో చూద్దాం. తిండే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, పెదాలకు రాసుకునే మైనం కూడా ఇనప పెట్టెలో పెట్టి గొళ్లెం వేశాడు. అత్తగారు పంపిన ఆవకాయ సీసా కారులో మరిచిపోతే చలిలో లేచి వెళ్లి తెచ్చి మరీ పెట్టాడు. ఎందుకంటే తిండి అజాగ్రత్తగా వదిలేస్తే అక్కడ 5,000 డాలర్ల దాకా జరిమానా. తిండి వాసనకి కారు తలుపులు పీకే నల్ల ఎలుగులు అక్కడివి. ఒక్క 1998లోనే ఆ పార్కులో ఇలాంటి ఘటనలు 1,500 దాటాయి. ఎలుగులు తిరిగే చోట వంట, నిద్ర మధ్య వంద గజాలుండాలని అక్కడి పార్కుల వాళ్లు చెబితే ఈ అన్న అడుగులు లెక్కపెట్టుకుని నడిచాడు. అదే అన్న నల్లమలకి వచ్చేసరికి బిర్యానీ డబ్బా తలకింద పెట్టుకుని పడుకుంటాడు. అడిగితే, ‘ఇది మన ఇండియా రా’ అంటాడు. ఎలుగుబంటికి కూడా ఆధార్ కార్డు ఉందనుకుంటాడో ఏమో!

పైగా సలహాలొకటి. తిండి సంచిని చెట్టుకొమ్మకి వేలాడదీయాలట. తేనెపట్టు కోసం చెట్టెక్కడం పుట్టుకతో వచ్చిన జీవి ముందు కొమ్మకి సంచి కట్టడమంటే, అడ్రసు రాసి పార్సిల్ పంపడమే.

సరే, వాన మొదలైంది. తెచ్చిన బొగ్గులు తడిసి అంటుకోవు. శానిటైజర్ పోస్తారు, భగ్గుమని ఆరిపోతుంది. ఇంకొంచెం పోస్తారు. అల్లం, వెల్లుల్లి, గరం మసాలా పట్టించిన కోడి ముక్కలు మూత తీసిన డబ్బాలో గంటసేపటి నుంచి ఊరుతున్నాయి, ఆ ఘుమఘుమ గాలివాటున ఎటు పోతోందో ఎవరూ చూడరు. చివరికి ఎవడికో మెరుపులాంటి ఆలోచన వస్తుంది: పొయ్యి లోపలికి తెద్దాం. పాలిస్టర్ గోడల మధ్య, స్లీపింగ్ బ్యాగుల పక్కన, కుంపటి. చలిగాలి రాకుండా జిప్పు మొత్తం లాగేస్తారు.

ఈ ఘట్టంలో ఎలుగుబంటి అవసరమే లేదు. గుడ్డ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, జిప్పు వెతుక్కునే టైం ఉండదు. అంటుకోకపోతే ఇంకా మోసం: బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు. బాటిల్ ఓపెన్ చేసిన బ్యాచ్‌కి ఈ మూడూ వస్తే ఎవరిని అనుమానిస్తారు? ‘మామా, ఇవాళ బ్రాండ్ తేడా కొట్టింది’ అని పడుకుంటారు. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవలేదన్న వార్త ఉత్తరాది నుంచి ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ గదికి కనీసం తలుపు కింద సందుంటుంది.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపని చంపాక టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చింది. మన ఐటీ కారిడార్‌లో మీమ్‌ల వరద. కర్రతో పాటు చెప్పిన మాటల మీద మాత్రం ఒక్క మీమూ రాలేదు: గుంపుగా నడవండి, జంతువులకి తిండి పెట్టకండి. కర్ర పనికొస్తుందా లేదా అన్నది వాదించుకోవచ్చు. బార్బెక్యూ చువ్వతో చిరుతని ఎదుర్కోబోయే వాళ్లకి ఆ వాదనలో పాల్గొనే అర్హత లేదు.

ఉద్దానంలో ఎవరినైనా ‘వైల్డ్ ఎక్స్‌పీరియన్స్’ అడిగి చూడండి. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగి దగ్గర ఎలుగుబంటి ఒకరిని చంపి, ఇంకొందరిని గాయపరిచింది. పట్టుకుని విశాఖ జూకి తీసుకెళ్తుండగా అదీ చచ్చిపోయింది. అక్కడ జీడితోటకి వెళ్లే దారే ఎలుగు దారి, పనసపండు వాసనకి ఇద్దరూ ఒకే చెట్టు కిందికొస్తారు. వాళ్లు టికెట్టు కొనలేదు, రద్దు చేసుకునే వీలూ లేదు. మనం తలకి నాలుగు వేలు కట్టి ఆ భయం కొనుక్కుంటున్నాం, స్టార్టర్స్ ఫ్రీ.

చట్టం సంగతి పోస్టర్లో ఎటూ ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూలు జీవి, పులి సరసన కూర్చుంటుంది. అభయారణ్యంలో అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేస్తే నేరం. ‘లైవ్ గ్రిల్’ అనే పదం అందులో లేదు కాబట్టి మినహాయింపు దొరుకుతుందని ఎవరైనా అనుకుంటే, లాయర్ని కూడా ట్రిప్‌కి తీసుకెళ్లడం మంచిది.

మరి ఎలుగులున్న చోట, వానలో, క్షేమంగా వండటమెలా? వండకపోతే సరి. ఈ రహస్యం శ్రీశైలం వెళ్లే మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు: ఇంట్లోనే పులిహోర కలిపి, మూట కట్టి, దారిలో తిని, చెయ్యి కడుక్కునేవారు. టెంటు వేయడానికి అనుమతి ఉన్న చోటే దిగి, పొయ్యి పెట్టి తీరాలన్న పంతముంటే, నాలుగు వైపులా గాలాడే టార్పాలిన్ కింద, పడకకి దూరంగా, వెలుగుండగానే వండి, ఎముకతో సహా మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాలి. ఇది ఫొటోలో బాగుండదు, ఒప్పుకుంటాను.

ఇంకోటి. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే పొద్దున ఆరుకే తీస్తారు. టోలీచౌకీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది గంటలకి అక్కడికి చేరే బ్యాచ్ ఎటూ ఉంటుంది. ‘మేం హైటెక్ సిటీ బ్రో’ అని మెడలో ట్యాగు చూపించి అడిగి చూడండి. లాగిన్ టైం పొద్దున ఆరు అంటారు.