పిన్నీ, వెనక ఎనిమీ!

మా జట్టుకి చికెన్ డిన్నర్ ఎందుకు దక్కదో మా అబ్బాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మీరు నోరు మూయరమ్మా."

అబద్ధం కాదు. బీజీఎంఐ అనే ఈ ఆటలో వందమంది విమానంలోంచి ఓ దీవి మీదికి దూకుతారు. దొరికిన తుపాకులు ఏరుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు వేటాడుకుంటారు, చుట్టూ నీలం జోన్ కమ్ముకొస్తూ ఆడే చోటు చిన్నదైపోతుంటుంది, ఆ నీలంలో చిక్కితే చావే, ఆఖరికి ప్రాణాలతో మిగిలిన జట్టుకి తెర మీద చికెన్ డిన్నర్ అని పడుతుంది. మిగలాలంటే చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. అడుగుల చప్పుడు కుడివైపునా ఎడమవైపునా, మేడ మీదా కిందా అని హెడ్‌ఫోన్‌లో కనిపెట్టాలి. మా నలుగురి మైకుల్లో వినిపించేవి వేరు. ఉక్కునగరం క్వార్టర్లో నా కుక్కరు విజిల్, మల్కాపురంలో క్రేన్ బాబాయ్ ఇంట్లో సీరియల్ అత్తగారి ఏడుపు, గాజువాక కుర్రాడి గదిలో ఫ్యాను టకటక, కూర్మన్నపాలెంలో ఫర్నేసు మావ అన్నం కలుపుతూ నములుతూ ఇచ్చే యుద్ధ సలహాలు. ఈ సంతలో మాకు అడుగుల చప్పుడు వినపడాలంటే శత్రువు గజ్జెలు కట్టుకుని రావాలి.

నేనిందులోకి ఎలా వచ్చానంటే, 2021 జులైలో ఈ ఆట విడుదలైన కొత్తలో మా అబ్బాయి స్నానానికి వెళ్తూ, "ఒక్క నిమిషం పట్టుకో అమ్మా, ఊరికే పొదలో కూర్చోబెట్టు చాలు" అని ఫోను నా చేతిలో పెట్టాడు. పొదలో కూర్చోవడం నాకు తెగ నచ్చింది. లెక్కల టీచర్ని, రోజంతా నిలబడి అరిచే ఉద్యోగం. ఎవరూ కదలొద్దంటున్నారు, ఎవరూ పిలవొద్దంటున్నారు, ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత వాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, ఆట మానేశాడు. నేను పొదలోనే ఉండిపోయాను. ఆటలో నా పేరు కూడా పొదపిన్ని.

మా గుంపులో పదిమంది దాకా ఉంటారు గానీ జట్టుకి నలుగురే. ఏ రాత్రి ఏ నలుగురన్నది ఎవరి పాటవాన్ని బట్టీ కాదు, షిఫ్టుల్ని బట్టి. ఏ షిఫ్టు వాడు మధ్యాహ్నం రెండింటికి దిగుతాడు గనక రాత్రి దొరుకుతాడు. బి షిఫ్టు వాడు పదింటికి దిగి, ఇల్లు చేరి, తిని వచ్చేసరికి మేము రెండుసార్లు చచ్చి ఉంటాం. సి షిఫ్టు వాడు పదికల్లా పన్లో ఉండాలి కనక దూకీ దూకగానే, "నేనెల్లిపోతున్నా, నా తుపాకీ ఎవులైనా తీసుకోండి" అని ఆస్తి పంపకాలు చేసి వెళ్ళిపోతాడు. ఎవరి అసలు పేరేమిటో నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఎవరింట్లో గ్యాసు ఎప్పుడు అయిపోతుందో మాత్రం అందరికీ తెలుసు.

నేను చేరక ముందు అక్కడి భాష ఎలా ఉండేదో నేను వినలేదు గానీ, ఊహించుకోగలను. ఇప్పటికీ వాక్యాలు మధ్యలో తెగుతుంటాయి మరి. తూటా తగలగానే గాజువాక కుర్రాడు "నీయమ్మ..." అని ఎత్తుకుంటాడు. నేనున్నానని గుర్తుకొస్తుంది. "నీయమ్మ... గారు బాగున్నారా బ్రో" అని దింపుతాడు. మొన్నొకరోజు నేను లేననుకుని వాక్యం పూర్తిచేశాడట. నెట్‌వర్క్ పోయి తిరిగొచ్చిన నేను అంతా విన్నాను. రెండు రోజులు సిగ్గుపడి రాలేదు పాపం. నేనే ఫోన్ చేసి, నువ్వు లేక మాకు చావడానికి కూడా తోచడం లేదు, వచ్చెయ్యి అన్నాను.

ఆ దీవి పేరు ఎరాంగెల్. అక్కడి ఊళ్ళ పేర్లన్నీ రష్యన్ వాసన కొడతాయి. మా వాళ్ళ నోట ఆ పేర్లు నిలవలేదు. జనం ఎగబడి దూకే పొచింకి, మాకు పూర్ణా మార్కెట్. చిమ్నీలున్న మైల్టా పవర్, పరవాడ దగ్గరి సింహాద్రి. దక్షిణాన వంతెనలు దాటితే వచ్చే మిలటరీ బేస్, సింధియా. అటు వెళ్దామంటే ఎవరో ఒకరు, "నేవీ వాళ్ళ ఏరియా, ఐడీ కార్డు తెచ్చారా?" అంటారు, ఎన్నిసార్లన్నా అందరం నవ్వుతాం. కంటైనర్లు పేర్చి ఉన్న జార్జోపోల్ మాత్రం పోర్టే, ఇంకేమవుతుంది.

జార్జోపోల్‌లో దిగితే మా క్రేన్ బాబాయ్ ఇక ఆట ఆడడు. ఆయన నిజంగానే పోర్టులో కంటైనర్ క్రేన్ నడుపుతాడు. "ఇదేటి సెల్లెమ్మా, ఇలగేనా పేర్సడం? నలబై అడుగుల పెట్టి మీద ఇరవై అడుగుల పెట్టి అడ్డంగా! నాలుగు మూలలా లాకులు పడ్డాయా? ఒక్క గాలొస్తే చాలు!" అని తనిఖీ మొదలెడతాడు. వెనకనించి శత్రువు కాలుస్తున్నా సరే, "ఉండండి, ఈ పెట్టి సూడండి" అంటాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో గాలి అంటే ఏమిటో చూసినవాడు, ఆయన భయం ఆయనది. ఇంకో చిత్రం చెప్పాలి. రోజంతా అంత ఎత్తున క్యాబిన్లో కూర్చుని కాళ్ళ కింది అద్దంలోంచి చూసే మనిషి కాబట్టి, మేడ ఎక్కితే కింద ఉన్నవాణ్ణి చీమని కొట్టినట్టు కొడతాడు. ఎదురుగా నిలబడ్డవాడు మాత్రం ఆయనకి ఆనడు.

ఫర్నేసు మావది ఇంకో రకం. ఆటలో నిప్పు సీసా విసిరితే మంటలు లేస్తాయి, అందరూ పారిపోవాలి. ఆయన అందులోంచి నింపాదిగా నడుస్తాడు. "పదిహేనొందల డిగ్రీల దగ్గర నిలబడొచ్చానక్కా, ఇదీ ఓ మంటేనా" అంటూ అందులోనే పడి చచ్చిపోతాడు. ఓ రాత్రి, "ఈయాల గోదావరి దగ్గర శానా ఏడిగుంది మావా" అని ఎవరితోనో అంటుంటే, కువైట్ నుంచి ఆడే మా టెక్కలి అబ్బాయి కంగారుపడి, "రాజమండ్రిలో అంత ఎండలా?" అన్నాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అన్నవి విశాఖ ఉక్కులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లని అతనికి వివరించేసరికి మా నలుగురినీ ఎవరో పైకి పంపేశారు.

ఆ దీవిలో ఇళ్ళన్నీ ఖాళీ. తలుపులు తీసే ఉంటాయి, పరుపులుంటాయి, మనుషులుండరు. గాజువాక కుర్రాడికి ఓసారి ఆ అనుమానం వచ్చింది. "పిన్నీ, ఇన్ని కొంపలున్నాయి, జనాలేరీ?"

ఫర్నేసు మావ తడుముకోకుండా చెప్పాడు. "ప్లాంటు కోసం లేపేసుంటారు. ఆర్ కార్డులిచ్చారో నేదో కనుక్కోవాల."

నవ్వలేక చచ్చాను. ఉక్కు కర్మాగారం కోసం 64 ఊళ్ళు ఖాళీ చేశారన్నది ఇక్కడ అందరూ చెప్పుకునే లెక్క. నిర్వాసితులకిచ్చిన కార్డే ఆర్ కార్డు. మావ వాళ్ళదీ అలా లేచిపోయిన ఊరే, ఆ కార్డు మీదే వాళ్ళ నాన్నకి కొలువొచ్చింది. లెక్కల టీచర్ని కనక ఊరుకోలేక ఎరాంగెల్‌ని కొలిచాను. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, 64 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో అయితే 16 వేలకి కాస్త తక్కువ. ప్లాంటు భూములు 20 వేల ఎకరాలకి అటూ ఇటూ. వందమంది కొట్టుకు చచ్చే ఆ దీవి మా ప్లాంటులో పట్టగా ఇంకా క్వార్టర్లు కట్టుకోవడానికి చోటు మిగులుతుంది. ఈ మాట చెబితే మావ, "గట్టిగా అనకక్కా, జోను సిన్నదైపోద్ది" అన్నాడు.

చికెన్ డిన్నర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకసారి దాదాపు తినబోయాం. ఆఖరి ముగ్గురు శత్రువులు, మేం నలుగురం. అంతలో క్రేన్ బాబాయ్ భార్య వెనకనుంచి, "మార్గశిర గురువారం పూట కోడేంటండీ!" అంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కున్న ఇల్లది. ఇది ఉత్తుత్తి కోడి, తెర మీది కోడి అని గాజువాక కుర్రాడు వాదించాడు. అయినా కోరుకోవడం తప్పే కదా అని ఆవిడ. మనసులో తింటే దోషమా కాదా అన్న ధర్మసందేహం తేలకుండానే ఆ ముగ్గురూ మా ఇంట్లోకి వచ్చేశారు. ఈ ఆటలో రక్తం కూడా ఆకుపచ్చగా చిమ్ముతుంది, శాకాహారమే అనుకోవచ్చు. మా వారొకసారి తొంగిచూసి, "గోంగూర కోస్తున్నారా?" అని అడిగారు.

మేము మాట్లాడేదానికి ఆట ఒక వంక మాత్రమేనని ప్రభుత్వమే రుజువు చేసింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఈ ఆట పాత రూపమైన పబ్జీతో కలిపి 118 యాప్‌లని నిషేధించింది. ఆటే లేదు గనక గుంపు చెదిరిపోవాలి. ఇది నేను చేరక ముందు సంగతి. మా వాళ్ళు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్ కాల్లో కలుసుకుని, ఏమీ ఆడకుండా, "ఆటుంటేనా..." అనుకుంటూ పదకొండు దాకా కూర్చునేవాళ్ళట. బీజీఎంఐగా తిరిగొచ్చిన ఆటని 2022 జులై 28న మళ్ళీ స్టోర్లలోంచి తీసేశారు. అప్పటికే ఫోన్లో ఉన్నవాళ్ళకి మాత్రం నడిచేది. మేమంతా ఫోన్లని పసిపిల్లల్లా కాపాడుకుంటుంటే, మనవరాలి అన్నప్రాశన వీడియోకి చోటు చాలక క్రేన్ బాబాయ్ భార్య ఆయన ఆట చెరిపేసింది. 2023 మేలో తిరిగొచ్చేదాకా పది నెలలు ఆయన ఆడలేదు, కానీ ఒక్క రాత్రీ మానలేదు. వాట్సాప్ కాల్లో కూర్చుని, తెర కనపడకుండానే, "ఎడంపక్క సూడండి, ఎడంపక్క!" అని హెచ్చరించేవాడు. ఎడంపక్క నిజంగా ఎవడో ఒకడు ఉండేవాడు. ఆ పది నెలల్లో మా జట్టు ఆట కొంచెం బాగుపడింది కూడా.

శత్రువులు మా మాటలు వినగలరు. ఆల్ మైక్ అని ఒకటుంటుంది, నొక్కితే దగ్గర్లో ఉన్న పరజట్టుకి కూడా వినపడుతుంది. పొదపిన్నికి ఏది నొక్కాలో అప్పుడప్పుడు తికమక. ఓ రాత్రి నేను పొదలో కూర్చుని చందువ చేపల ధర గురించి క్రేన్ బాబాయ్‌తో మాట్లాడుతుంటే, చెట్టు వెనకనుంచి కొత్త గొంతు వినిపించింది. "అండీ, మీది వైజాగా?"

"అవును బాబూ, నువ్వెవరు?"

"నేను ఎనిమీనండి. మాది మర్రిపాలెం."

మర్రిపాలెంలో ఎక్కడ అని అడక్కుండా ఎలా ఉంటాం? రైల్వే గేటు దగ్గరట. ఆ సందులో పాల డిపో వాళ్ళు మా ఫర్నేసు మావ మేనత్త తాలూకు. ఈ అబ్బాయి వాళ్ళింట్లోనే అద్దెకున్నాడు. "అయితే మా అత్త ఆరోగ్యమెలాగుంది?" అని మావ, మోకాళ్ళ నొప్పులని అబ్బాయి, ఏ ఆసుపత్రిలో చూపించాలని బాబాయ్. తుపాకులు నేలమీద పెట్టాం. ఆటలో అలా పెట్టొచ్చని ఆ రోజే నేర్చుకున్నాను. కబుర్లయ్యాక ఎవరో ఒకరు చావాలి కదా. "పిన్నిగారూ, మీరే కానివ్వండి" అన్నాడు. "పెద్దదాన్ని, చిన్నపిల్లాణ్ణి కాలుస్తానా, నువ్వే కానీ" అన్నాను. "అమ్మో, ఆడవాళ్ళని" అన్నాడు. ఈ మొహమాటంలో ఉండగా నీలం జోన్ నడుచుకుంటూ వచ్చి ఎనిమీతో సహా అందర్నీ తీసుకుపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు మా గుంపులోనే ఉన్నాడు. ఆ రాత్రి అతని జట్టువాళ్ళు అతన్ని వెలివేశారట.

2025 అక్టోబరులో విశాఖలో 15 బిలియన్ డాలర్లతో గూగుల్ డేటా సెంటర్ అనీ, సముద్రం అడుగునుంచి కేబుళ్ళు ఇక్కడికే వస్తాయనీ ప్రకటన వచ్చిన రాత్రి మేము విమానంలోంచి దూకనే లేదు. లాబీలోనే ఉండి పింగ్ గురించి వాదించుకున్నాం. మనం నొక్కిన మీట సర్వర్‌కి చేరి తిరిగి రావడానికి పట్టే కాలమే పింగ్. అది పెరిగితే మనం కాల్చేలోగానే చచ్చి ఉంటాం. ఇక కేబుల్ మన ఇసకలోకే వస్తుంది కనక మనల్ని ఆపేవాడు లేడని గాజువాక కుర్రాడు. డేటా సెంటర్ ఇక్కడున్నా ఆట సర్వర్ ఇక్కడ పెడితేనే గదా అని మర్రిపాలెం ఎనిమీ. అన్నీ విని ఫర్నేసు మావ, "మనం సచ్చేది పింగు వల్ల కాదురా" అన్నాడు. ఎవరూ కాదనలేకపోయారు.

ఇన్నేళ్ళయింది, ఒక్కసారైనా ముఖాలు చూసుకుందామని ఈమధ్య తీర్మానించాం. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి దగ్గర, ఆదివారం సాయంత్రం. మావది ఆ వారం బి షిఫ్టు. పొద్దున అంటే నాకు ట్యూషన్లు. మధ్యాహ్నమైతే బాబాయ్‌కి క్రేను. కువైట్ అబ్బాయికి సెలవు వచ్చే ఏడాది. ఓడలో పనిచేసే పెదగంట్యాడ అల్లుడు మేము తీర్మానించిన ఆ రాత్రి మా ఊరికే వచ్చి ఉన్నాడు. కానీ వాళ్ళ ఓడకి బెర్తు దొరక్క ఔటర్లో లంగరేసి ఉంది. "పిన్నీ, బీచ్ రోడ్డు దీపాలు కనపడతన్నాయి, ఫోన్లో సిగ్నలు కూడా రెండు గీతలొచ్చింది, దిగనివ్వట్లేదు" అని డెక్కు మీదనుంచి మొత్తుకున్నాడు. పైగా ఆదివారం బీచ్ రోడ్డులో బండి పెట్టుకోవడానికి చోటెక్కడ?

ఆఖరికి బాబాయే దారి చూపించాడు. జార్జోపోల్, కంటైనర్ల దగ్గర, రాత్రి తొమ్మిదిన్నర. పార్కింగ్ బాధ లేదు, ఓడలోంచైనా రావచ్చు. ఎవరూ తుపాకీ తియ్యకూడదని షరతు పెట్టుకున్నాం. పులిహోర నేను తెస్తానన్నాను, ఎలా తెస్తావని ఎవరూ అడగలేదు. పోపులో వేరుశనక్కాయలు ఎక్కువ వెయ్యమని మాత్రం ఎనిమీ అడిగాడు.