టేకు మోడు స్వీయచరిత్ర

నేను ఆదిలాబాదు జిల్లాలో, ఉట్నూరునకు ఆవలి కొండవాలున పుట్టిన టేకు చెట్టును. నేడు ఈ దారిని పోవువారు నేలకు జానెడెత్తున నల్లబడియున్న మోడును, దాని ప్రక్కనే నిట్టనిలువుగా లేచిన మ్రానును చూతురు గాని, ఆ రెంటికిని వేరొక్కటేయనియు, ఆ వేరు నాదేయనియు ఎఱుగరు.

నా బాల్యము నిజాము కాలమున గడచినది. ఆనాటి సర్కారు అడవి చుట్టును హద్దురాళ్లు పాతించి, తరతరములుగా ఇచ్చట పశువులను మేపుకొని, పోడు కొట్టుకొని బ్రదికిన గోండులను, కోలాములను తమ నేలమీదనే పరులను గావించెను. జల్, జంగల్, జమీన్ అని ఎలుగెత్తి 1940లో జోడేఘాటున నేలకొరగిన కొమురం భీము పేరును నా నీడను కూర్చున్నవారు మెల్లగా చెప్పుకొనగా వింటిని. అడవి నీది కాదని ఎవనితో చెప్పితిరో వాడు దానిని ఏల కాపాడును? వేల ఎకరములకు ఒక్క గార్డు. అతడు ఈ కొండనున్న రాత్రి ఆ కొండన గొడ్డలి మ్రోగును. అట్టి రాత్రియొకదానియందు నన్నును కూల్చిరి.

టేకు వేరు అంత సులభముగ చావదు. ఏటేట తొలకరికి నా చుట్టు పది పన్నెండు పిలకలు లేచును. ఇప్పపూవు రాలు వేళ, పూవు ఏరుటకు వీలుగా చెట్టుక్రింది ఎండుటాకునకు పెట్టిన నిప్పు గాలికి ప్రాకివచ్చి వానిని మాడ్చును. మిగిలినదానిని ఎవరో పందిరిగుంజకై కొట్టుకొని పోదురు. ఇట్లు ఎన్నియో ఏండ్లు చెట్టునై యుండియు పొదవలె బ్రదికితిని.

ఒకనాడు అటవీశాఖ ఉద్యోగియొకడు నా మోడుపై కూర్చుండి గూడెమువారికి వంగదేశపు మాట చెప్పెను. 1972 ప్రాంతమున మేదినీపురము జిల్లా అరబారిలో అజిత్ కుమార్ బెనర్జీ యను అధికారి, పదునొకండు గ్రామముల 618 కుటుంబములను కూడగట్టి, 1272 హెక్టార్ల శిథిలవనమును వారి కాపుదలకు అప్పగించి, పెరిగిన కలపను అమ్మగా వచ్చు సొమ్ములో నాలుగవ వంతు వారిదేయని మాట యిచ్చెనట. మా వంటి మోళ్ల నుండియే అచ్చటి సాలవనము తిరిగి లేచెనట. 1988 నాటి జాతీయ అటవీ విధానమునకు పిమ్మట, 1990 జూన్ 1న కేంద్రప్రభుత్వము ఈ పద్ధతిని అనుసరింపుడని రాష్ట్రములకు వ్రాసెను. 1992లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వన సంరక్షణ సమితులు వెలసినవి. ఇంటికొక పురుషుడు, ఒక స్త్రీ సభ్యులు.

మా గూడెము సమితి మొట్టమొదట చేసిన పని నిప్పును ఆపుట. ఇప్పచెట్ల క్రింద ఆకును కాల్చుట మాని చీపురుతో ఊడ్చిరి. వేసవియందు వంతులు వేసికొని కాపలా తిరిగిరి. పిదప ఒక అవ్వ కత్తితో నాయొద్దకు వచ్చి, నా పిలకలను ఒక్కొక్కటిగా వంచి చూచి, నేలకు దగ్గఱగా, సూటిగా లేచినదానిని మాత్రముంచి తక్కినవానిని తొలగించెను. లేతాకునొకదానిని అరచేత నలుపగా చేయి ఎఱ్ఱబాఱెను. ఆ చేతిని మనుమరాలికి చూపి నవ్వెను. నూరు ఉత్తరువులు చేయలేని మేలు నాకు ఆ కత్తి చేసినది.

అయినను నేను చూచినదంతయు శుభమేయని పలుకజాలను. కొన్నిచోట్ల సమితి పేరిట పోడుభూములను లాగికొని మొక్కలు నాటిరి. ఆ మొక్కల క్రింద పేదవాని జొన్నచేను అణగిపోయినది. ఇది అన్యాయము. సమితి పేరు గూడెమువారిది, పద్దుల పుస్తకము మాత్రము ఆఫీసులోనిది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడుకొను అధికారము గ్రామసభదని స్పష్టముగ చెప్పినపిదప, కాపలాకు మాత్రమే జనులను పిలుచుట చాలదు.

ఆ ఉద్యోగి నా మోడుపై కూర్చుండి అరబారి మాట చెప్పిననాడే అవ్వ అతనిని అడిగినది: "చెట్టు పెరిగేదాక మేము కాస్తం సారూ. కోసిననాడు లెక్క మాకు జెప్తరా?" అతడు తలయూపెను గాని మాట పలుకలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఆమె ఉంచిన పిలక నేడు ఇరుచేతుల కౌగిటికి నిండుచున్నది. అయ్యలారా, దానిని కోయునాడు ఆ లెక్కను గూడెము నడుమ, ఆమె మనుమరాలు వినునట్లు, బిగ్గరగా చదువుడు.